టేకుపెట్టెలో టెలిఫోను

జూలై 3, గురువారం

ఫోను ఈ రోజు కూడా పలకలేదు. రిసీవరును చెవికి ఆనిస్తే పరిచితమైన ఆ నాదం లేదు. ఎండిన సొరకాయ బుర్రను చెవి దగ్గర పెట్టుకున్నట్టుంది. బస్టాండు మలుపులో రోడ్డు వెడల్పు చేస్తున్న యంత్రం కేబులును తెంపిందని పక్కింటి కిరాణా దుకాణం అన్నపూర్ణమ్మ చెప్పింది.

"ఎప్పుడు తెంపింది?" అని అడిగాను.

"సోమవారమో మంగళవారమో సారూ. నేనేమన్న కావలి ఉన్ననా?"

ఇటువంటి సమాధానాలు నాకు నచ్చవు. సోమవారమైతే ఒక అర్థం, మంగళవారమైతే మరొక అర్థం. నా భార్య సుమిత్ర సోమవారం ఉదయం భద్రాచలం బస్సు ఎక్కింది.

మా ఇంటి నియమం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. ప్రయాణం చేసినవారు గమ్యం చేరగానే రెండు రింగులిచ్చి పెట్టివేయాలి, క్షేమంగా చేరినట్టు. తిరిగి వచ్చి మా ఊరు కోంటా బస్టాండులో దిగి మూడు రింగులిస్తే, సామాను ఉంది, ఎదురు రమ్మని. నాలుగో రింగు మోగితేనే రిసీవరు ఎత్తాలి. ఈ నియమాన్ని రూపొందించినది నేనే. పైసా ఖర్చు లేదు, అనవసరమైన మాట లేదు. బస్తీలో చాలామంది దీనిని మా ఇంటి నుంచే నేర్చుకున్నారు.

కనుక సుమిత్ర సోమవారం మధ్యాహ్నమే రెండు రింగులు ఇచ్చి ఉంటుంది. కేబులు లేనందువల్ల అవి ఇక్కడికి చేరలేదు. ఇందులో సందేహించవలసినది ఏమీ లేదు.

జూలై 5, శనివారం

టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లాను. కిటికీలో కూర్చున్న యువకుడు నేను హిందీలో రాసుకొని వెళ్లిన ఫిర్యాదును సగం కూడా చదవలేదు. "కాపర్ బంద్ హో గయా సర్‌జీ, ఫైబర్ లే లీజియే" అన్నాడు. రాగి తీగలను ఇక బాగుచేయరట. గాజు తీగ వేస్తారట. ఇంటర్నెట్టూ ఫోనూ దానిలోనే వస్తాయట. పాత నంబరే ఉంటుందట. ముప్పై నాలుగేళ్లు ఈ ఊరి పిల్లలకు హిందీ వ్యాకరణం చెప్పినవాడిని నేను. నాకు అతడు ఆ నాలుగు వాక్యాలనూ క్రియలు సగం మింగి చెప్పాడు.

నాకు ఇంటర్నెట్టు అవసరం లేదని, నా పాత లైనును యథాతథంగా పునరుద్ధరించవలసిందని రెండో ఫిర్యాదు రాసి ఇచ్చాను. వారు బాగుచేయవలసినది బాగుచేయాలి. అంతవరకు ఎదురుచూస్తాను. నాకు తొందర లేదు.

ఇంటికి వచ్చి పెట్టెను తుడిచాను. ఈ ఫోను వచ్చిన ఏడాదే పక్క ఊరు ఎర్రబోరు వడ్రంగి చేత ఈ టేకుపెట్టె చేయించాను. రిసీవరు బయట ఉంటుంది. అంకెలన్నీ మూత కింద ఉంటాయి. వచ్చే ఫోనును ఎవరైనా ఎత్తవచ్చు. ఇక్కడి నుంచి చేయాలంటే మూత తెరవాలి. మూతకు తాళం, తాళంచెవి నా కళ్లజోడు పెట్టెలో. సుమిత్ర తన చెల్లెలు లలితతో మాట్లాడాలన్నప్పుడల్లా నేనే మూత తెరిచి, నంబరు నొక్కి, రిసీవరు ఆమె చేతికి ఇచ్చేవాడిని. ఎన్నడూ కాదనలేదు. ఇంటికి ఒక పద్ధతి ఉండాలి.

జూలై 6, ఆదివారం

నిన్న రాయవలసినది ఒకటి రాయలేదు. దాపరికం కాదు, అప్రధానమని.

సుమిత్ర వెళ్లడానికి రెండు రోజుల ముందు, శనివారం, జిల్లా కేంద్రం సుక్మాలో విశ్రాంత ఉపాధ్యాయుల సమావేశం. ఆ రోజే భద్రాచలంలో లలిత మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కబురు మా ఫోనుకే వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోతున్నామని చెప్పి వాళ్లు పెట్టివేశారట. తిరిగి చేయడానికి పెట్టెకు తాళం ఉంది. కళ్లజోడు పెట్టె సహజంగానే నా వెంట ఉంది. నేను సాయంత్రం వచ్చేసరికి సుమిత్ర ఫోను పక్కన పీట మీద కూర్చొని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"అద్దాలు మీవి. తాళంచెవి ఇంటిది కద" అంది. అంతే.

సోమవారం బస్సు ఎక్కుతూ ఇంకొక మాట అంది: "ఈసారి ఫోన్ మీరే చెయ్యండి. నేను చెయ్య."

ప్రయాణపు తొందరలో అన్న మాట. నియమం ప్రకారం చేరినవారే చేయాలి గనుక ఆ మాటకు అర్థం లేదు.

జూలై 7, సోమవారం

ఫైబర్ ఏజెంటు నరేష్ వచ్చాడు. నేను పిలవలేదు, అన్నపూర్ణమ్మ పిలిచింది. మనిషి వాగుడుకాయ. గోడ మీది పాత తీగను చూసి, "సార్, దీన్ని మ్యూజియంల పెడితె టికెట్ పెట్టొచ్చు" అన్నాడు.

"నంబరు మారదని రాసి ఇస్తావా?"

"మారది సార్. కోడ్ ముందట సున్నా కొట్టాలె, అంతే. ఊర్లకైనా, ఊరవతలకైనా."

"రింగు ఇదివరకటి మాదిరిగానే వస్తుందా?"

"మీ ఫోనే కద సార్. నేను తెచ్చే మోడెమ్‌కు గుచ్చుత. రింగు అదే, గొంతు అదే, తిట్లు అవే."

"కరెంటు పోతే?"

తల గోక్కున్నాడు. "మోడెమ్ ఆగిపోతది సార్. చిన్న బ్యాటరీ కొనుక్కుంటే సరి."

పట్టుకున్నాను. రాగి తీగ ఉన్నన్నాళ్లు, ఊరంతా చీకటైనా మా ఫోను మోగేది. కరెంటు లేనప్పుడు నోరు విప్పలేని వస్తువును టెలిఫోను అనడం సరికాదని చెప్పి పంపివేశాను. నా అభ్యంతరం పూర్తిగా సాంకేతికమైనది.

గుమ్మంలో నిలబడి వింటున్న అన్నపూర్ణమ్మ తన మొబైలు చాచింది. "అదంత తర్వాత సూద్దురు. మా ఫోన్‌ల నుంచి ఒక్కసారి చెయ్యండి సారూ. లలితమ్మ నంబర్ మీకు నోటికే వస్తది కద."

వస్తుంది. కాని ఉప్పు, పప్పు కొనేవారి మధ్య నిలబడి ఇంటి మాటలు మాట్లాడడం నా అలవాటు కాదు.

"ఆమె చేస్తుంది" అన్నాను. "మా లైను బాగుపడగానే."

అన్నపూర్ణమ్మ నా ముఖంలోకి ఎందుకో చాలాసేపు చూసింది.

జూలై 9, బుధవారం

వాన. కూర మాడింది.

జూలై 11, శుక్రవారం

సంత. కమ్లీ వచ్చింది. ఆమె ఊరు అడవిలోపల ఉంది. అక్కడ టవరు లేదు. ఆమె బిడ్డ ఇర్మె భద్రాచలంలో నర్సు చదువు చదువుతూ సంత రోజున మధ్యాహ్నం మా నంబరుకు ఫోను చేస్తుంది. ఇటువంటి వారు ఇదివరకు పదిమంది ఉండేవారు. ఫోను వస్తే సుమిత్ర వీధిలోకి వెళ్లి పిలుచుకొచ్చేది. ఇప్పుడు కమ్లీ ఒక్కతే మిగిలింది.

తడిసిన గంప వరండాలో దించి, ఎప్పుడూ కూర్చునే చోటనే కూర్చుంది.

"ఫోను పలుకుత లేదు" అన్నాను. ఆమెతో మాట్లాడేటప్పుడు నా భాష కూడా పాడవుతుంది.

"ఎన్నడు పలుకుతది?"

"ఆఫీసువారు బాగుచేయాలి."

"గా నరేషు చేస్తనంటే నువ్వే వద్దన్నవంట కద సారూ."

ఊరిలో ఏదీ దాగదు. కరెంటు సంగతి వివరించాను. ఆమె శ్రద్ధగా విని, "మా ఊర్ల కరెంటే లేదు. మేం బతుకుతలేమా?" అంది. టీ ఇవ్వాలని తోచింది గాని పంచదార ఎక్కడ ఉందో తెలియలేదు. కొంతసేపు కూర్చొని, గంప ఎత్తుకొని అన్నపూర్ణమ్మ దుకాణం వైపు వెళ్లింది.

నేను ఇల్లు విడిచి వెళ్లడం తగ్గించాను. మోకాలి నొప్పి వల్ల. లైను ఏ క్షణంలోనైనా రావచ్చు, అప్పుడు ఇంట్లో మనిషి ఉండాలి. గ్రంథాలయానికి వెళ్లి వారమైంది. పాలు కూడా గుమ్మంలోనే పోయించుకుంటున్నాను.

జూలై 14, సోమవారం

శబరి నది పొంగింది. భద్రాచలం రోడ్డు మీద నీళ్లు నిలిచి బస్సులు ఆగిపోయాయి. లారీలు మా వీధి చివర దాకా బారులు తీరి ఉన్నాయి. ఊరి నుంచి ఎవరూ అటు పోవడానికి లేదు, అటు నుంచి ఎవరూ రావడానికి లేదు.

ఈ వార్త విన్నాక, చెప్పడానికి సంకోచంగా ఉంది గాని, మధ్యాహ్నం నాలుగు మెతుకులు ఎక్కువ తిన్నాను. ఫోను లేదు, దారి లేదు. ఇటువంటి స్థితిలో ఎవరి నుంచి కబురు రాకపోయినా అందుకు వారిని తప్పుపట్టడం న్యాయం కాదు.

జూలై 15, మంగళవారం

నీళ్లు తగ్గలేదు. రిసీవరు రెండుమూడు సార్లు ఎత్తి చూశాను. అలవాటు.

జూలై 18, శుక్రవారం

కమ్లీ చుట్టుదారిన సంతకు వచ్చింది. ఈసారి వరండాలో కూర్చోలేదు. వాకిట్లో నిలబడే, "పంచదార పై అల్మారల ఉన్నదంట సారూ, నీలి డబ్బల" అంది.

"ఎవరన్నారు?"

"అమ్మ. క్రితం సంతనాడు దుకాణం ఫోన్‌ల సుమిత్రమ్మతోటి మాట్లాడిన. సారు టీ కూడ పొయ్యలే అన్న. నవ్వింది."

చెప్పులు వేసుకోవడం మరిచి పక్కింటికి వెళ్లాను. దుకాణంలో బేరం లేదు. అన్నపూర్ణమ్మ బెల్లం కొడుతోంది.

"సుమిత్ర మీకు ఫోను చేస్తోందా?"

సుత్తి కింద పెట్టింది. "ఆ కమ్లీ నోట్ల మాట ఆగదు. చేస్తది సారూ. రోజూ చేస్తది. తిన్నరా, మందులు వేసుకున్నరా అని అడుగుతది. చెప్పొద్దని ఒట్టు పెట్టింది."

"మా లైను పాడైందని ఆమెకు తెలుసా?"

"నాకు తెలిసిన నాడే చెప్పిన."

"చేరిన రోజు ఆమె మా ఇంటికి చేసిందా? రెండు రింగులు?"

"అది నేనెట్ల చెప్పాలె. నాకైతే చేసింది. చేరిన అన్నది. ఆయన చేస్తడేమో చూస్త అన్నది."

నేను అక్కడి స్టూలు మీద కూర్చున్నాను. కూర్చోమని ఆమె అనలేదు. నాకు తోచినది అడిగాను. "లలిత పడిన రోజు... మరి ఆ రోజు సుమిత్ర మీ దగ్గరికి ఎందుకు రాలేదు? వచ్చి ఉంటే ఈ ఫోనులోంచే మాట్లాడి ఉండేది కదా. రోజంతా ఆ పెట్టె దగ్గర కూర్చోవలసిన పని ఏముంది?"

అన్నపూర్ణమ్మ బెల్లం పొడిని కాగితంలోకి ఊడ్చింది.

"రాకేంది? వచ్చింది. లలితమ్మ బిడ్డతోటి ఇక్కడే మాట్లాడింది. ఆసుపత్రికి పోయి కట్టు కట్టేదాక మూడుసార్లు మాట్లాడింది. ఆ ఒక్కనాడే కాదు సారూ. రెండేండ్ల సంది, మీరు మధ్యాహ్నం కునుకు తీస్తరు చూడండి, అప్పుడు వస్తది. చెల్లెతోటి ఇంత సేపు మాట్లాడి, ఇంత బెల్లమో జీలకర్రో కొనుక్కొని పోతది."

"మరి సాయంత్రం నేను వచ్చేసరికి పెట్టె దగ్గర ఎందుకు కూర్చుంది?"

"మీరొస్తరని కూసున్నది కావచ్చు. ఆమెనే అడగండి. ఇగో, ఫోన్."

తీసుకోలేదు. ఇంటికి వచ్చాను.

జూలై 19, శనివారం

ఈ రోజు రాయడానికి ఏమీ లేదు.

జూలై 20, ఆదివారం

రెండేళ్లు. ఇంట్లో జీలకర్ర ఎప్పుడూ ఎక్కువగానే ఉండేది.

జూలై 21, సోమవారం

నరేష్‌ను పిలిపించాను. కమ్లీ బిడ్డకు ఇబ్బంది అవుతున్నది గనుక.

గోడకు రంధ్రం వేశాడు. వెంట్రుకవంటి తీగను లోపలికి తెచ్చాడు. తెల్లని మోడెమును మేకుకు తగిలించాడు. దాని మీద నాలుగు పచ్చదీపాలు మిణుకుతున్నాయి. ఫోను తీగ చివరను దానికి గుచ్చవలసి వచ్చినప్పుడు పెట్టె తెరవమన్నాడు. కళ్లజోడు పెట్టె తీసి, తాళం తీసి, మూత ఎత్తాను. అంకెల మధ్య దుమ్ము లేదు. సుమిత్ర ఎప్పుడు తుడిచేదో, ఎలా తుడిచేదో తెలియదు.

"సార్, ఇది ఫోనా, దేవుడా? గర్భగుడి కట్టిన్రు."

"పని చూడు."

"ఇప్పుడు ఎంత మాట్లాడినా ఒకటే కిరాయి సార్. తాళంతోటి పని లేదు."

అతడు వెళ్లాక స్క్రూలు విప్పి మూతను పెట్టె నుంచి వేరు చేసి, అటక మీద పెట్టాను. వానాకాలం. చెక్కకు చెమ్మ పట్టింది, గాలి తగలాలి.

ఒకటి రెండు రోజుల్లో ఆఫీసు నుంచి పరీక్షకు ఊరికే రింగులిస్తానని, ఎత్తనవసరం లేదని నరేష్ చెప్పాడు.

ఫోను పలుకుతోంది. నాదం మునుపటికన్నా సన్నగా ఉంది.

జూలై 22, మంగళవారం

ఉదయం నుంచి ఫోను మంచి స్థితిలో ఉంది. మోగలేదు.

ఈ సంగతిని సరిగ్గా రాయాలి. పాడైన ఫోను మోగకపోతే అది ఫోను దోషం. మంచి ఫోను మోగకపోతే...

మధ్యాహ్నం భోజనం చేయలేదు. కునుకూ పట్టలేదు. మోడెము దీపాలు చూస్తూ కూర్చున్నాను. అవి దేనికోసం వెలుగుతాయో, దేనికోసం ఆరుతాయో తెలియదు గాని వరుస తప్పడం లేదు. చేరినవారే చేయాలన్న నియమంలో లోపం లేదు. అయితే ఇంట్లోనే ఉన్నవాడు ఏం చేయాలో అందులో లేదు. రాసినప్పుడు ఆ అవసరం తోచలేదు.

మూడు దాటాక నంబరు నొక్కాను. సున్నా మరిచాను. ఎవరో స్త్రీ హిందీలో మందలించింది. మళ్లీ నొక్కాను. అటు మోగింది. రెండు రింగులయ్యాక పెట్టివేశాను.

ఎందుకు పెట్టివేశానో తెలియదు. చేతికి అదే అలవాటు.

కొంతసేపు చూసి మళ్లీ చేశాను. ఈసారి పెట్టలేదు. నాలుగో రింగు మోగాకనే ఎత్తారు.

"ఇందాకటి రెండు రింగులు మీవేనా?" సుమిత్ర గొంతు. పలకరింపు లేదు.

"నావే."

"ఏడికి చేరిన్రు?"

హాస్యమో నిష్ఠూరమో నాకు అర్థం కాలేదు. సమాధానం కోసం వాక్యం కూర్చుకుంటున్నాను. కూర్చుకుంటూ ఉండగానే నాలుగు దీపాలూ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఫ్యాను ఆగింది. రిసీవరులో సొరకాయ బుర్ర.

కరెంటు.

నేనే ముందు చెప్పాను. చెప్పినది నిజమైంది. అందువల్ల కలగవలసిన తృప్తి కలగలేదు. మాట మధ్యలో నేనే పెట్టేశాననుకుంటుంది. నేను అటువంటివాడినేనని ఆమె నమ్మడానికి కావలసిన ఆధారాలన్నీ ఆమె దగ్గర ఉన్నాయి.

గొడుగు తీసుకోకుండా పక్కింటికి వెళ్లాను. దారి మీది నీళ్లవల్ల ఆగిన లారీ డ్రైవర్లు నలుగురు బీడీలకూ బిస్కెట్లకూ నిలబడి ఉన్నారు.

"అన్నపూర్ణమ్మా, ఫోను ఇవ్వండి."

ఆమె చిల్లర వదిలేసి ఇచ్చింది. అద్దం మీది అంకెలు నొక్కడం రాక, నంబరు పైకి చెప్పాను; ఆమె నొక్కింది. దుకాణమంతా విన్నది.

"చెప్పకుండనే పెట్టేసిన్రు" అంది సుమిత్ర.

"కరెంటు పోయింది."

"ఫోన్‌కు కరెంటేంది?"

"కొత్తది అంతే. నేను అన్నపూర్ణమ్మ దుకాణంలో ఉన్నాను."

"దుకాణంలనా? మీరా?"

డ్రైవర్లు మాటలు ఆపి నా వైపు తిరిగారు. అన్నపూర్ణమ్మ చిల్లరను మూడోసారి లెక్కిస్తోంది.

"ఎక్కడికీ చేరలేదు" అన్నాను. "ఇందాక అడిగావు కదా. ఇంట్లోనే ఉన్నాను."

అటు వెనుక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"పెట్టెకు తాళమేసిన్రా?"

"మూత తీసేశాను."

"వానకాలం కద. గాలి తగలాలనా?"

ముప్పై తొమ్మిదేళ్ల కాపురం. ఈమె ముందు నేను ఏ కారణమూ చెప్పలేను.

"కాదు" అన్నాను.

"సరె" అంది. "లలిత కాలు కింద పెడుతున్నది. ఈడ బిడ్డ ఉన్నది చూసుకోనీకి. నీళ్లు తీసినంక చూస్త."

"చూస్త అంటే? వస్తావా, రావా?"

"చూస్త అన్న కద. వానల తడిసిన్రా?"

"లేదు."

"తడిసిండు సుమిత్రమ్మా" అని అన్నపూర్ణమ్మ గట్టిగా అంది. ఒక డ్రైవరు నవ్వాడు. నా జీవితంలో అంతమంది ముందు ఇంతగా తలవంచుకున్నది లేదు. అయినా ఫోను పెట్టివేసినది నేను కాదు, ఆమె.

జూలై 24, గురువారం

నీళ్లు తగ్గుతున్నాయట. చిన్న బ్యాటరీ ఒకటి తెమ్మని నరేష్‌కు చెప్పాను.

జూలై 26, శనివారం

పొద్దున నుంచి బస్సులు నడుస్తున్నాయి. సుమిత్ర వస్తున్నదని ఎవరూ చెప్పలేదు. అన్నపూర్ణమ్మను అడిగితే, "నాకేం తెలుసు, మీకు ఫోన్ ఉన్నది కద" అంది. అడిగి తెలుసుకోవచ్చు. మూత లేదు, తాళం లేదు. రెండుసార్లు అంకెల మీద చేయి పెట్టి తీశాను. చూస్త అన్నది. చూడనివ్వాలి.

అన్నం ఇద్దరికి సరిపోయేంత వండాను. కొలత తప్పిందనుకుంటే తప్పింది.

ఇప్పుడే ఫోను మోగింది. చేయి రిసీవరు మీదనే ఉంది గాని ఎత్తలేదు. ఒకటి. రెండు. క్షేమంగా చేరినట్టు అనుకున్నాను. ఎక్కడికి చేరినట్టో ఆలోచించేలోగా మూడోది మోగింది. ఆగిపోయింది.

నరేష్ చెప్పిన పరీక్ష కావచ్చు. దానిని ఇంతవరకు చేయలేదు. మూడింటికి ఆపడం కాకతాళీయమూ కావచ్చు. ఇంట్లోనే ఉండి నాలుగోసారి మోగుతుందేమో చూడడం వివేకం.

గొడుగులు రెండూ తీశాను. పరీక్షే అయితే బస్టాండు దాకా నడిచినట్టవుతుంది. ఆ దారిన నడిచి చాలా రోజులైంది.

కళ్లజోడు పెట్టెలో నుంచి చిన్న తాళంచెవిని తీసి ఫోను పక్కన పెట్టాను. అద్దాలు నావి గనుక, అవి పెట్టుకొని వెళుతున్నాను.